నొప్పి పోయింది, మోకు ఇంకా పేనలేదు: ఒక గీత కార్మికుడి చీలమండ కేసు

ఫిబ్రవరి చివరి వారం. తాటి చెట్లు కల్లు బాగా పారే రోజులు. మునుగోడు వైపు ఒక ఊరి నుంచి 38 ఏళ్ల గీత కార్మికుడిని ఒక పక్క భార్య, ఇంకో పక్క తమ్ముడు పట్టుకుని నల్లగొండలోని మా ఫిజియోథెరపీ సెంటర్‌కు తీసుకొచ్చారు. కుడి కాలు నేల మీద మోపడం లేదు. దెబ్బ తగిలి అప్పటికి మూడో రోజు. ఆయన అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టేలా ఉండే వివరాలు మార్చాను.

పొద్దున చెట్టు దిగుతూ చివరి మూడు నాలుగు అడుగులు ఉండగా మోకు (చెట్టెక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే తాడు) తప్పించి కిందికి దూకాడు. రోజూ చేసే పనే. ఆ రోజు పాదం పొలం గట్టు అంచు మీద పడి లోపలికి మడత పడింది. "టప్పుమని చప్పుడు ఇనిపించింది మేడం" అన్నాడు. కాసేపు అక్కడే కూర్చుని, లేచి, ఇంకో రెండు చెట్లు చూద్దామనుకున్నాడు కానీ అడుగు పడలేదు.

ఇంటికి వెళ్లాక జరిగింది కూడా కేసులో భాగమే. వాళ్ల అమ్మ ఆముదపు ఆకులు వేడి చేసి కట్టింది. సాయంత్రం ఊళ్లో బెణుకులు చూసే పెద్దాయన వచ్చి, నూనె రాసి, వాపు మీద బొటనవేలితో గట్టిగా తోమాడు. రెండో రోజు పొద్దున ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ అనే నొప్పి సూది వేయించుకున్నాడు. నొప్పి తగ్గినట్టు అనిపించి పొలం దాకా నడిచి వచ్చాడు. రాత్రికి కాలు గిలక (చీలమండ పక్కన పొడుచుకొచ్చే ఎముక) కనిపించకుండా ఉబ్బింది. వీళ్లలో ఎవరిదీ చెడ్డ ఉద్దేశం కాదు, మా ఇంట్లో మా నానమ్మ కూడా అదే చేసేది. కానీ మొదటి రెండు రోజుల్లో తెగిన సన్నని రక్తనాళాలు ఇంకా పూర్తిగా మూసుకోవు. వేడి తగిలితే అవి ఇంకా తెరుచుకుంటాయి. గట్టిగా తోమితే అప్పుడే కట్టిన రక్తపు గడ్డలు కదిలి మళ్లీ లోపల రక్తం కారుతుంది.

మూడో రోజు పరీక్ష

మొదట తేల్చుకోవాల్సింది ఎముక సంగతి. దీనికి, ఎక్స్‌రే అవసరమో కాదో తేల్చడానికి 1992లో కెనడాలో రూపొందించిన ఒట్టావా నియమాలు నాకు రోజూ పనికొస్తాయి. గిలక ఎముకల వెనక అంచు మీద గానీ కొన మీద గానీ, చిటికెన వేలు వైపు పాదం మధ్యలో పొడుచుకొచ్చే ఎముక దగ్గర గానీ, పాదం లోపలి వైపు వంపు మీదుండే పడవ ఆకారపు ఎముక మీద గానీ నొక్కితే నొప్పి ఉందా? దెబ్బ తగిలిన వెంటనే, మళ్లీ పరీక్ష చేసేటప్పుడు నాలుగడుగులు వేయగలుగుతున్నాడా? ఈయనకు బయటి గిలక కొన దగ్గర నొప్పి ఉంది, నాలుగడుగులు వేయలేకపోయాడు. అందుకే ఎక్స్‌రేకు పంపాను. ఎముక విరగలేదు.

ఫిల్మ్ చూస్తుండగా వాళ్లమ్మ అడిగింది: "బిడ్డా, మేము ఫ్లోరిన్ నీళ్లు తాగినోళ్లం. ఎముకలు గుల్లయినయా?" మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల వాళ్లు ఈ ప్రశ్న అడిగితే నేను తేలిగ్గా తీసుకోను. ఫ్లోరోసిస్ (ఫ్లోరిన్ నీళ్లతో వచ్చే జబ్బు) ముదిరితే ఎముకలతో పాటు, ఎముకను ఎముకతో కలిపే పట్టీలైన లిగమెంట్లు ఎముకకు అంటుకునే చోట సున్నం పేరుకుని బిగుసుకుపోతాయి. మెడ, నడుము తిరగవు, గొంతు కూర్చోలేరు. ఈయనకు మెడ బాగా తిరుగుతోంది, మంచి కాలి మీద బరువేసి కిందికి వంగగలుగుతున్నాడు. ఫిల్మ్‌లో అలాంటి సున్నపు గీతలు లేవు. అది కాదని ఆమెకు స్పష్టంగా చెప్పాను. ఆ భయం దింపడం చికిత్సలో మొదటి పని అనిపించింది.

మిగతా కొలతలు: పాదం చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో టేపు చుట్టి కొలిస్తే కుడి వైపు 56 సెంటీమీటర్లు, ఎడమ వైపు 53. నొప్పి పదికి ఏడు. కమిలిన నలుపు గిలక కింద మొదలై మడమ పక్కకు, వేళ్ల దాకా దిగింది. దెబ్బ తగలని చోటికి నలుపు ఎలా వచ్చిందని వాళ్లకు టెన్షన్. రక్తం బరువుకు కిందికి జారుతుందంతే. ఎర్రగా ఉన్నది నీలం, ఆకుపచ్చ, పసుపు అవుతూ పోతుంది. హిమోగ్లోబిన్‌ను శరీరం ముక్కలు చేసి తీసేస్తున్న కొద్దీ ఆ రంగులు మారతాయి. పసుపు వచ్చిందంటే శుభ్రం చేసే పని సాగుతోందని అర్థం.

లిగమెంట్ ఎంత తెగిందో ఆ రోజే తేల్చడానికి నేను ప్రయత్నించలేదు. వాపు, నొప్పి ఉన్నప్పుడు కండరాలు బిగబట్టుకుంటాయి, పాదాన్ని ముందుకు లాగి చూసే పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. నాలుగైదు రోజులు దాటాక చేస్తేనే దాన్ని నమ్మొచ్చు. ఆరో రోజు చేశాను. కుడి పాదం ఎడమ కంటే ఎక్కువ ముందుకు జారింది, కానీ చివర ఆపే పట్టు ఉంది. బయటి గిలక ముందు నుంచి పాదానికి వెళ్లే లిగమెంట్ సగం మేర తెగింది, దాని వెనకాల కిందికి దిగేది కొంచెం సాగింది. రెండో స్థాయి బెణుకు అని రాసుకున్నాను. పాదం కిందికి వంగి లోపలికి మడత పడినప్పుడు ముందుగా దెబ్బతినేది ఆ మొదటి లిగమెంటే. పిక్క మధ్యలో రెండు ఎముకలను దగ్గరికి నొక్కితే చీలమండ పైన నొప్పి రాలేదు కాబట్టి, రెండు ఎముకలను కలిపి ఉంచే పై లిగమెంట్లు బాగున్నాయనుకున్నాను.

వాపు ఎందుకు వస్తుంది

"ముందు ఈ వాపు తీసెయ్యండి మేడం" అన్నాడు. అందరూ మొదట అడిగేది ఇదే. నిజానికి ఆ వాపు లోపల జరుగుతున్న పనికి గుర్తు. లిగమెంట్ తెగగానే రక్తం కారుతుంది, ప్లేట్‌లెట్లు చేరి గడ్డ కడతాయి, చుట్టుపక్కల కణాలకు కబురు పంపుతాయి. రక్తనాళాలు వెడల్పై గోడల్లో సన్నని సందులు తెరుచుకుంటాయి, నీరు, తెల్ల రక్తకణాలు బయటికి వస్తాయి. ఎరుపు, వేడి, వాపు, నొప్పి అన్నీ దీని వల్లే. రోమన్ రచయిత సెల్సస్ ఈ నాలుగు గుర్తులనూ రెండు వేల ఏళ్ల కిందటే రాశాడు. మొదటి గంటల్లో వచ్చే కణాలు సూక్ష్మజీవుల కోసం, చచ్చిన ముక్కల కోసం వెతుకుతాయి. రెండు మూడు రోజులకు మాక్రోఫేజ్‌లు వస్తాయి. ఇవి తెగిన పోగుల్ని మింగి చోటు శుభ్రం చేస్తాయి, ఆ తర్వాత కొత్త పోగులు తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్‌లను పిలుస్తాయి. శుభ్రం చేసేవాళ్లు రాకపోతే కట్టేవాళ్లు రారు.

అందుకే ఈ రోజుల్లో మంచు మీద నాకు మునుపటంత నమ్మకం లేదు. విశ్రాంతి, మంచు, బిగింపు, ఎత్తు అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, మంచు, పూర్తి విశ్రాంతి మాన్పును ఆలస్యం చేయొచ్చని 2014లో తానే రాశాడు. నొప్పి ఓర్చుకోలేనంత ఉంటే గుడ్డ మీద పది నిమిషాలు పెట్టుకోమంటాను, అంతవరకే. వాపు మరీ ఎక్కువైతే కదలిక ఆగి కండరం నిద్రపోతుంది కాబట్టి దాన్ని హద్దులో ఉంచాలి. అందుకు క్రేప్ బ్యాండేజ్ కట్టాం, పడుకున్నప్పుడు రెండు దిండ్లు పెట్టి పాదం గుండె కంటే ఎత్తులో ఉండేలా చూడమన్నాం. ఆముదపు ఆకు, తోమడం, కొన్నాళ్లు కల్లు కూడా ఆపమన్నాను. సూది గురించి అడిగితే, నొప్పికి గోళీ కావాలంటే డాక్టర్ రాసింది వేసుకోమన్నాను. సూది వేశాక నొప్పి తెలియక పొలం దాకా నడిచిన ఆ నడకే నన్ను బాధపెట్టింది.

తోమొద్దంటే వాళ్ల తమ్ముడికి నచ్చలేదు. అప్పుడు ఆయనే, మంచం మీద పడుకునే, తమ్ముడికి చెప్పాడు: "గెల గీసినట్టే రా. రోజూ గీస్తేనే గాయం మానకుండా పారుతది. కాలును గట్లనే రోజూ తోమితే ఇంకెప్పుడు ఆరుతది?" కల్లు కారడానికి తాటి గెలను రోజూ గీస్తారు, ఆ పోలిక నేను చెప్పినదాని కంటే బాగా ఎక్కింది.

తొలి మూడు వారాలు

చేతికర్రతో, నొప్పి ఓర్చుకున్నంత బరువు మోపుతూ మూడో రోజు నుంచే నడిపించాను. లిగమెంట్‌కు కొంచెం కొంచెం లాగుడు తెలియాలి. లాగుడు ఏ దిక్కున వస్తే ఫైబ్రోబ్లాస్ట్‌లు పోగుల్ని ఆ దిక్కుకే పరుస్తాయి. పూర్తిగా కదలకుండా పడుకోబెడితే పోగులు ఎటుబడితే అటు అల్లుకుని గట్టి మచ్చ మిగులుతుంది. పడుకుని కాలి బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయమన్నాను. తెలుగు అక్షరాలకు గుండ్రాలు ఎక్కువ కాబట్టి చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది. ఆయనకు చదువు అంతంతమాత్రం. కూతురు పక్కన కూర్చుని వర్ణమాల చెప్పింది, ఆయన కాలితో రాశాడు. "అ" నుంచి "ఱ" దాకా రోజుకు మూడు సార్లు.

రెండో వారంలో పాత సైకిల్ ట్యూబుతో పాదాన్ని బయటికి లాగే వ్యాయామం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం. కొలత ఒకటే చెప్పాను: చేస్తున్నప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున లేచేసరికి పాత స్థితికి రావాలి. సాయంత్రానికి కొంచెం ఉబ్బితే కంగారు పడొద్దు. షుగర్ పరీక్షిస్తే మామూలుగా ఉంది. రోజుకు కట్ట బీడీలు కాల్చేవాడు, సగానికి తగ్గించాడు. పొగ రక్తనాళాలను బిగించి మాన్పును నెమ్మదిస్తుంది. భార్య రోజూ రెండు గుడ్లు, పప్పు ఎక్కువ పెట్టేది.

21వ రోజుకు చేతికర్ర వదిలేశాడు. వాపు దాదాపు లేదు. నడిస్తే నొప్పి సున్నా. మడమ లేపకుండా గోడకు మోకాలు తాకించి, బొటనవేలికీ గోడకూ మధ్య దూరం కొలిచే పరీక్షలో మొదటి రోజు 2 సెంటీమీటర్లు ఉన్నది 7కు వచ్చింది, ఎడమ 10. నాకు సంతోషమేసింది. ఇక్కడే నేను తప్పు చేశాను.

ఇరవై నాలుగో రోజు

ఆయన అడిగాడు: "నొప్పి అయితే లేదు మేడం. చెట్టెక్కొచ్చా?" "ఇంకో నెల ఆగాలి అన్నా" అన్నాను, అంతే. ఎందుకు ఆగాలో చెప్పలేదు. ఆయన చెట్లు అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉన్నాయి. ఎందుకంటే రోజూ గీయని గెల ఎండిపోతుంది, పారకం ఆగిపోతుంది, ఆ చెట్టు మీద ఆ సీజన్ పోయినట్టే. అప్పు తెచ్చి చెట్లు తీసుకున్నాడు. ఆ లెక్క నేను అడగలేదు.

24వ రోజు పొద్దున చెప్పకుండా రెండు చెట్లు ఎక్కాడు. దిగేటప్పుడు దూకలేదు కూడా, జాగ్రత్తగానే దిగాడు. మధ్యాహ్నానికి గిలక దగ్గర వాపు, నొప్పి పదికి ఐదు. మర్నాడు భార్య ఫోన్ చేసింది. పరీక్షలో పాదం ముందుకు జారడం ఆరో రోజంతే ఉంది, కొత్తగా తెగలేదు. పాత చోటే మళ్లీ రేగింది. పది రోజులు వెనక్కి వెళ్లాం.

ఆయన మీద కోపం రాలేదు. నొప్పి లేకపోవడమే మానడం అనుకున్నాడు. నిజం ఏమిటో చెప్పాల్సిన పని నాది. రెండో రోజు నుంచే మొదలై రెండు మూడు వారాలకు జోరందుకునే దశలో శరీరం పోగుల్ని త్వరత్వరగా తయారు చేస్తుంది. అవి ఎక్కువగా సన్నటి మూడో రకం కొల్లాజెన్ (పోగుల్లా ఉండే ప్రోటీన్). చోటును నింపుతాయి కానీ బలం తక్కువ, దిక్కు సరిగా లేదు. మూడో వారం నుంచి వాటి స్థానంలో లావైన మొదటి రకం కొల్లాజెన్ రావడం, పోగులు లాగుడు దిక్కుకు సర్దుకోవడం, ఒకదానితో ఒకటి ముడిపడటం మొదలవుతుంది. ఇది నెలలు సాగుతుంది, ఏడాది కూడా పట్టొచ్చు. నొప్పి చెప్పే నరాలు మాత్రం అంతకు ముందే శాంతిస్తాయి. ఈ రెండు కాలాల మధ్య ఉన్న ఎడంలోనే చాలామంది మళ్లీ బెణికించుకుంటారు.

ఆయనకు ఇలా చెప్పాను: "అన్నా, నారంతా తెచ్చి కుప్ప పోసినం. చూస్తే నిండుగా ఉంది. ఇంకా మోకు పేనలేదు. నువ్వు ఆ కుప్పను నడుముకు చుట్టుకుని చెట్టెక్కినవ్." కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పేనాలంటే లాగాలె గదా మేడం. ఎంత లాగాలె?" అన్నాడు. ఆ ప్రశ్నతోనే మా అసలు చికిత్స మొదలైంది.

చెట్టు దగ్గర

ఆదివారం వాళ్ల ఊరికి వెళ్లి, తమ్ముడు చెట్టు ఎక్కుతుంటే చూశాను. ఇంతకాలం నల్లగొండలో ఉండి ఒక్కసారీ దగ్గర నుంచి చూడలేదు. పాదాలు రెండూ చెట్టును అరచేతుల్లా పట్టుకుంటాయి. అరికాళ్లు ఒకదానికొకటి ఎదురుగా, చీలమండలు లోపలికి తిరిగి, ఒంటి బరువంతా ఆ పట్టు మీదే. అంటే ఈయన ఏ దిక్కున లిగమెంట్ తెంపుకున్నాడో, ఆయన పనిలో రోజుకు వందల సార్లు సరిగ్గా ఆ దిక్కునే లాగుడు పడుతుంది. పాదాన్ని బయటికి లాగే ట్యూబు వ్యాయామం ఎంత చేయించినా ఈ లాగుడుకు ఆ కాలు సిద్ధం కాదు. అప్పటిదాకా నేను నడకకు మాత్రమే చికిత్స చేశాను.

ప్రణాళిక మార్చాం. ఆరో వారం నుంచి పాదం లోపలికి తిరిగిన స్థితిలో బరువు: మొదట కూర్చుని రెండు అరికాళ్ల మధ్య బియ్యం మూట నొక్కి పట్టుకోవడం, తర్వాత ఇంటి ముందు వేప చెట్టు మొదలును నేల మీద నుంచే పాదాలతో పట్టి, చేతులతో తాడు పట్టుకుని అరచెయ్యి ఎత్తు లేవడం. రోజు విడిచి రోజు. చీలమండకు తానెక్కడున్నానో తెలిపే జ్ఞానం లిగమెంట్‌లోని నరాల కొనల నుంచి వస్తుంది, లిగమెంట్‌తో పాటు అవీ దెబ్బతింటాయి. అందుకని మడిచిన బొంత మీద ఒంటి కాలిపై నిలబడటం, ముందు కళ్లు తెరిచి, తర్వాత మూసి. ఎనిమిదో వారంలో అరుగు మీద నుంచి దిగడం, ఒంటికాలి మీద చిన్న గెంతులు, చివరికి రెండు కాళ్లతో దూకి నేల మీద మెత్తగా వాలడం. దూకడం ఎందుకు నేర్పించానంటే, వద్దన్నా ఆయన దూకుతాడు. ఏళ్ల అలవాటు.

పదో వారంలో, ఎడమ పాదంతో పోల్చి చూస్తే, గోడ పరీక్ష 9.5కు 10, ఒంటికాలిపై మడమ ఎత్తడం 22కు 25, పక్కకు గెంతడంలో తేడా కంటికి కనిపించలేదు. అప్పుడు చెట్టు. చెట్టు మీద నుంచి పడకుండా గీత కార్మికులకు తెలంగాణ ప్రభుత్వం 2024 నుంచి ఇస్తున్న కాటమయ్య రక్షా కవచం కిట్ ఆయన దగ్గర ఉంది, మూలన పడి ఉంది. అది కట్టుకుంటేనే ఎక్కమన్నాను, ఒప్పుకున్నాడు. మొదటి వారం పొట్టి చెట్లు మూడు, రోజు విడిచి రోజు. రెండో వారం ఆరు. నాలుగో వారానికి తన చెట్లన్నీ. కానీ అప్పటికి ఎండాకాలం సీజన్ ముక్కాలు అయిపోయింది. ఆ నష్టం నా చికిత్సతో తీరలేదు.

నాలుగో నెల, ఏడాది

నాలుగో నెలలో చూసినప్పుడు పొద్దున్నే పది నిమిషాలు బిగుతుగా ఉంటుందన్నాడు. పాదాన్ని ముందుకు లాగితే కుడి వైపు ఇంకా కొంచెం ఎక్కువే జారింది. లిగమెంట్ కొంచెం సాగి మానడం మామూలే, దాన్ని మునుపటి పొడవుకు వ్యాయామం తేలేదు. చుట్టూ ఉన్న కండరాలు సరైన సమయానికి పట్టుకోవడం నేర్చుకుంటే ఆ సడలింపు పనికి అడ్డం రాదు. ఒకసారి బెణికిన చీలమండకు మళ్లీ బెణికే ముప్పు ఎక్కువ, ఒంటికాలి అభ్యాసం ఆ ముప్పును తగ్గిస్తుంది. ఆ పని ఎప్పుడు చేయాలో ఆయనే ఎంచుకున్నాడు: పొద్దున వేప పుల్లతో పళ్లు తోముకుంటున్నంత సేపూ కుడి కాలు మీద నిలబడాలని.

ఏడాది తర్వాత వాళ్లమ్మకు మోకాళ్లు చూపించడానికి వచ్చాడు. మళ్లీ బెణకలేదు. ఆమెను పరీక్షిస్తున్నంత సేపూ గుమ్మం దగ్గర ఎడమ కాలు ఎత్తి నిలబడి ఉన్నాడు. గోడ పట్టుకోలేదు.